తెప్ప మీద రెండోవాడు

నండూరి రామమోహనరావుగారి తెలుగులో మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’ చదివినవాళ్లకి మిసిసిపీ కూడా గోదావరి అంత దగ్గరే. తెప్ప మీద హక్, పక్కన పారిపోయి వచ్చిన బానిస జిమ్. చిన్నప్పుడు మన ధ్యాసంతా హక్ మీదే ఉండేది. ఆ కథనే 2024లో పర్సివల్ ఎవరెట్ జిమ్ నోట చెప్పించాడు. నవల పేరు ‘జేమ్స్’.

అందులో జిమ్ రాత్రిపూట గుడిసెలో పిల్లలకి పాఠం చెబుతాడు. తమలో తాము శుభ్రమైన ఇంగ్లీషు మాట్లాడుకునే ఆ పిల్లలు, తెల్లవాళ్ల ముందు మాటల్ని ఎలా విరిచి పలకాలో నేర్చుకుంటారు. దొరసాని వంటింట్లో మంట లేచినా ‘మంట’ అనకూడదు. ఆ మాట ఆవిడే అనేలా చూడాలి. పనివాడికో యాస, విలన్‌కో యాస అంటగట్టిన సినిమాలు చూసి పెరిగిన మనకి ఈ పాఠం చురుక్కుమంటుంది.

ఎవరెట్ 1956లో జార్జియాలోని ఫోర్ట్ గోర్డన్‌లో పుట్టాడు, దక్షిణ కరోలినాలోని కొలంబియాలో పెరిగాడు. చదివింది తత్వశాస్త్రం. జాజ్ గిటార్ వాయించాడు, పశువుల రాంచ్‌లో పనిచేశాడు, బళ్లో పాఠాలు చెప్పాడు, కంచరగాడిదల్ని మచ్చిక చేశాడు, బొమ్మలు వేశాడు. ఇప్పుడు సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. మొదటి నవల ‘సూడర్’ (1983) ఫామ్ పోయిన ఒక బేస్‌బాల్ ఆటగాడి కథ. ఆ తర్వాత కౌబాయ్ కథలు, గ్రీకు పురాణాలు, నోరు విప్పని మేధావి పసివాడు... ఏ అరలో సర్దుదామన్నా కుదరని మనిషి.

1989లో దక్షిణ కరోలినా శాసనసభ ప్రసంగానికి పిలిచింది. ఆ భవనం మీద బానిసత్వం కోసం పోరాడిన కాన్ఫెడరేట్ల జెండా ఎగురుతోంది. ఎవరెట్ మాట్లాడటం మొదలుపెట్టి, ఆ జెండా ఉండగా కొనసాగించలేనని మధ్యలోనే ఆపేశాడు. గోపురం మీంచి అది దిగింది 2000లో. ఆవరణలోంచి పూర్తిగా పోయింది 2015లో.

‘ఇరేజర్’ (2001) మరీ తుంటరి నవల. ‘నీ రాతలో నల్లదనం చాలదు’ అనిపించుకున్న ఒక రచయిత, కసికొద్దీ చెత్త నవల రాసి పారేస్తే అదే విరగబడి అమ్ముడవుతుంది. దాన్ని 2023లో ‘అమెరికన్ ఫిక్షన్’ పేరుతో సినిమా తీస్తే స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చింది. ‘టెలిఫోన్’ (2020) విషయంలో ఏకంగా పాఠకులతోనే ఆడుకున్నాడు. ఒకే నవలని మూడు రకాలుగా అచ్చువేయించి, ఎవరి చేతిలో ఏది పడిందో చెప్పలేదు. ఇద్దరు స్నేహితులు ఒకే పుస్తకం గురించి వాదులాడుకుంటే ఇద్దరూ ఒప్పే కావచ్చు.

‘జేమ్స్’కి నేషనల్ బుక్ అవార్డు, 2025లో పులిట్జర్ వచ్చాయి. అది రాయడానికి ముందు ఎవరెట్ ట్వేన్ నవలని వరసగా పదిహేనుసార్లు చదివాడట. చివరి పేజీ అవగానే మళ్లీ మొదటి పేజీ. వాక్యాలు మొహం మొత్తేదాకా చదివి, ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేసి, అప్పుడు మొదలుపెట్టాడు.