చుక్కల పట్టిక: ఫ్రాంక్లిన్ సొంత లెక్క

మనిషి తన నడవడిని తానే రోజూ లెక్క రాసుకుని, ఆ లెక్కను చూసి మారాలనుకున్న ప్రయత్నాల్లో బాగా ప్రసిద్ధమైనది బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) ది. ఫిలడెల్ఫియాలో ముద్రణ వ్యాపారంలో నిలదొక్కుకుంటున్న వయసులో ఆయన ఈ పని మొదలుపెట్టాడు. దాని వివరాలు మనకు తెలిసింది మాత్రం 1784లో, పారిస్ దగ్గరి పాసీలో ఉన్నప్పుడు రాసిన ఆత్మకథ రెండో భాగం నుంచి. అంటే చాలా ఏళ్ల తర్వాత ఒక వృద్ధుడు గుర్తు చేసుకుని చెప్పిన సంగతులివి. చదివేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

మితం, మౌనం, క్రమం, పొదుపు, శ్రమ, న్యాయం వంటి 12 సద్గుణాలను ఆయన మొదట ఎంచుకున్నాడు. ఆయనలో గర్వం ఎక్కువని ఒక మిత్రుడు చెప్పడంతో 13వదిగా వినయాన్ని చేర్చాడు. ఒక చిన్న పుస్తకంలో గుణానికో పేజీ కేటాయించాడు. ప్రతి పేజీలో ఎర్ర సిరాతో వారంలోని రోజులకు 7 నిలువు గడులు, గుణాలకు 13 అడ్డ వరుసలు గీశాడు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు చేసిన తప్పులు ఏ గుణానికి చెందితే ఆ వరుసలో నల్ల చుక్కలు పెట్టేవాడు. మీరూ ఒక కాగితం మీద ఈ పట్టిక గీసి చూడండి. ఇందులో మంచికి గుర్తు లేదు, వరుస ఖాళీగా ఉండటమే విజయం.

అన్ని గుణాలనూ ఒకేసారి పట్టుకోవాలని ఆయన అనుకోలేదు. వారానికి ఒక్క గుణం మీదే గట్టిగా దృష్టి పెట్టి, మిగిలిన వాటి తప్పులను ఊరికే గుర్తు వేసుకునేవాడు. తోటమాలి ఒక మడి కలుపు తీశాకే మరో మడికి వెళ్తాడని దీనికి పోలిక చెప్పాడు. 13 వారాలకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు ఆవృత్తులు. తాను అనుకున్నదానికంటే తనలో తప్పులు చాలా ఎక్కువ ఉన్నాయని చూసి ఆశ్చర్యపోయాననీ, అవి తగ్గుతూ రావడం తృప్తినిచ్చిందనీ రాశాడు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది క్రమం. వస్తువుల్నీ పనుల్నీ వేళకు, చోటుకు అమర్చుకోవడం ఆయనకు చివరిదాకా పట్టుబడలేదు.

తప్పులు తగ్గాయని ఆయన అంటున్నాడు. ఎంత తగ్గాయో మనం తేల్చగలమా? తేల్చలేం. కొత్త ఆవృత్తి మొదలైనప్పుడల్లా పాత చుక్కలను గీకి చెరిపేవాడు. దాంతో కాగితానికి చిల్లులు పడ్డాయి. అప్పుడు పట్టికను దంతపు రేకుల మీదికి మార్చి, పెన్సిలుతో చుక్కలు పెట్టి, తడి స్పాంజితో తుడిచేయడం మొదలుపెట్టాడు. వాడకానికి అది సులువే. చరిత్రకారుడికి మాత్రం ఆ స్పాంజితోపాటే ఆధారం పోయింది.

దీని పక్కన మరో ఉదాహరణ పెట్టి చూద్దాం. ఫ్రాన్స్‌లో గెనో ద మోంబెయార్ 1759లో పుట్టిన తన కొడుకు ఎత్తును దాదాపు ఆరు నెలలకోసారి కొలుస్తూ 1777 వరకు రాశాడు. ఏ అంకెనూ చెరపలేదు. ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫాన్ వాటిని అచ్చువేశాడు. 1927లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు స్కామన్ ఆ కొలతలను సెంటీమీటర్లలోకి మార్చి గ్రాఫ్ గీశాడు. పసితనంలో వేగంగా, తర్వాత నెమ్మదిగా, కౌమారంలో మళ్లీ వేగంగా సాగిన పెరుగుదల ఆ గీతలో ఒక్క చూపులో కనిపిస్తుంది. కాలాన్ని అడ్డంగా, పరిమాణాన్ని నిలువుగా పెట్టి ఆర్థిక లెక్కలను గీతలుగా చూపిన విలియం ప్లేఫెయిర్ పుస్తకం 1786లో లండన్‌లో వెలువడింది. అప్పటికి ఫ్రాంక్లిన్ 80 ఏళ్లవాడు.

చెరిపేసిన చుక్కల సంగతి అలా ఉంచి, అసలు పెట్టని చుక్కల గురించి కూడా అడగాలి. ఇతరులకు హాని చేయకపోవడమే ఆయన న్యాయానికి ఇచ్చుకున్న వివరణలో ముఖ్యాంశం. అయినా ఆయన ఇంట్లో బానిసలు ఉండేవారు. ఆయన నడిపిన పెన్సిల్వేనియా గెజిట్‌లో బానిసల అమ్మకం ప్రకటనలు అచ్చయ్యేవి. ఆ రోజుల ఫిలడెల్ఫియాలో చాలామంది వర్తకుల దృష్టికి ఇది తప్పుగానే తోచలేదు. పట్టికను గీసినవాడూ, తప్పును నిర్ణయించేవాడూ, చుక్క పెట్టేవాడూ ఒకడే. ఆయన అభిప్రాయం మారడానికి ఏళ్లు పట్టింది. 1787లో పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790 ఫిబ్రవరిలో బానిసత్వానికి వ్యతిరేకంగా అమెరికా కాంగ్రెస్‌కు ఆ సంఘం పంపిన వినతిపత్రం మీద సంతకం చేశాడు. ఏప్రిల్ 17న మరణించాడు.