బోధించువారు, పరీక్షించువారు

విద్యార్థి నేర్చుకొన్నదానిని తూచవలసినది ఎవరు? బోధించిన గురువా, బయటి పరీక్షకుడా? మన దేశములో 1857లో దీనికొక జవాబు స్థిరపడినది. లండన్ విశ్వవిద్యాలయము మాదిరిగా ఆ సంవత్సరము కలకత్తా, బొంబాయి, మద్రాసులలో ఏర్పడిన విశ్వవిద్యాలయములు మొదట తాము పాఠములు చెప్పలేదు. కళాశాలలను అనుబంధము చేసుకొని, పరీక్షలు జరిపి, పట్టములిచ్చినవి. 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాలలో బోధన మచిలీపట్నములో జరిగినను, విశ్వవిద్యాలయ పరీక్ష మాత్రము మద్రాసుదే.

ఇందులో మేలు లేకపోలేదు. అన్ని ఊళ్ల విద్యార్థులకు ఒకే ప్రశ్నలు, ఒకే కొలత. దిద్దువాడు విద్యార్థి ముఖమెరుగడు గనుక పక్షపాతమునకు తావు తగ్గినది. అయితే పరీక్షలో అడుగనిది నేర్వనక్కరలేదను తలంపు ప్రబలినది. బోధన పరీక్షకు లోబడిపోయినదని 1902 నాటి విశ్వవిద్యాలయముల కమిషన్ విమర్శించినది. 1904 చట్టము విశ్వవిద్యాలయములు తామే బోధించుటకు వీలు కల్పించినది.

1918 చట్టముతో ఏర్పడిన సెరంపూర్ సెనేటు కూడ అనేక వేదాంత కళాశాలలకు ఉమ్మడి కొలతనిచ్చినది. ఆ కొలత కావలసినదే. కాని రోగి పడక ప్రక్కన విద్యార్థి ఎట్లు మాట్లాడెనో దూరపు పరీక్షకుడు చూడలేడు. దగ్గరనున్న గురువు చూడగలడు. కాబట్టి అంతర్గత మార్కులు వేయు అధ్యాపకులు ఆ పనిని లాంఛనముగా ముగించరాదని మేము తలంచుచున్నాము.