తిన్నది కడుపులోనే ఉండిపోతే: షుగర్ దెబ్బను గ్యాస్ అనుకోవద్దు

రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోతుంది. మధ్యాహ్నం తిన్న అన్నం రాత్రి వాంతిలో అలాగే బయటపడుతుంది. ఏలూరులో అయినా, తాడేపల్లిగూడెంలో అయినా ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాట అంటే ముందు వెళ్లేది మెడికల్ షాపుకే. గ్యాస్ బిళ్ల తెచ్చి వేస్తారు. అది నిజంగా గ్యాసే కావచ్చు. కానీ ఆ మనిషికి ఏళ్ల తరబడి షుగర్ ఉంటే, కాళ్లు తిమ్మిర్లెక్కుతుంటే ఇంకో కారణం కూడా చూడాలి. దాని పేరు గ్యాస్ట్రోపరేసిస్, అంటే కడుపు మందగించి తిన్నది కిందికి దిగకపోవడం. షుగర్ వల్ల వచ్చే ఈ జబ్బుకు 1958లో కస్సాండర్ అనే వైద్యుడు ఈ పేరు పెట్టారు.

మన ప్రాంతానికి ఇది దూరపు సంగతి కాదు. గోదావరి జిల్లాల పల్లెల్లో జరిగిన ఒక సర్వే 2006లో డయాబెటిస్ కేర్ పత్రికలో వచ్చింది. 30 ఏళ్లు దాటినవారిలో సుమారు 13 శాతం మందికి షుగర్ ఉందని అందులో తేలింది. వాళ్లందరికీ కడుపు మందగిస్తుందని కాదు. ఎక్కువ కాలం షుగర్ అదుపు తప్పినవారికి ఆ ముప్పు ఎక్కువ.

మెదడుకూ కడుపుకూ మధ్య వేగస్ అనే పొడవాటి నరం ఉంది. మెదడు ఆజ్ఞలు దీని గుండా కిందికి దిగుతాయి. అసలు విశేషం ఏమిటంటే, ఈ నరంలోని పోగుల్లో దాదాపు 80 శాతం కింది నుంచి పైకే కబురు మోస్తాయి. ఎంత తిన్నాం, కడుపు ఎంత సాగింది అన్న సమాచారం మెదడుకు అలాగే అందుతుంది. కడుపు గోడలో కాజల్ కణాలు అనేవి కూడా ఉంటాయి. నిమిషానికి 3 సార్లు కడుపు కదిలేలా తాళం వేసేది ఇవే. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న షుగర్ అటు నరాన్నీ ఇటు ఈ కణాలనూ దెబ్బతీస్తుంది. దాంతో అన్నం మెత్తగా నలగదు, పేగులోకి వేళకు దిగదు. పైకి వెళ్లే కబురు కూడా చెడిపోవడంతో కొంచెం తిన్నా వికారం, కడుపు నిండిన భావన. ఇంకో చిక్కు, ఆ పూట షుగర్ బాగా పెరిగి ఉన్నా కడుపు నెమ్మదిస్తుంది.

ఇన్సులిన్ తీసుకునేవారికి అసలు ప్రమాదం ఇక్కడే. సూది మందు వేళకు పనిచేస్తుంది, అన్నం మాత్రం కడుపులోనే ఆగిపోతుంది. రంజాన్‌లో ఇఫ్తార్ చూడండి. సూది వేసుకుని హలీమ్, పకోడీలు తింటారు. తరావీహ్ వేళకు చెమటలు, వణుకు, లో షుగర్. సహరీకి చూస్తే అదే షుగర్ చాలా ఎక్కువ, ఎందుకంటే ఆగిన తిండి అప్పుడు దిగింది. "అమ్మీ, దాచుకుని ఏమైనా తిన్నావా?" అని పిల్లలు నిలదీస్తారు. పాపం ఆమె ఏమీ తినలేదు.

ఇలాంటివారు రోజా గురించి రంజాన్‌కు నెల రెండు నెలల ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. సూదుల వేళలు, మోతాదు సొంతంగా మార్చకూడదు. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా విరగదని చాలామంది ఉలమాలు చెబుతారు. రీడింగ్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలన్నది డాక్టర్ల సలహా. స్పృహ తప్పిన మనిషి నోట్లో చక్కెర నీళ్లు పోయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నిర్ధారణకు ముందు ఎండోస్కోపీ చేసి, దారిలో అడ్డు ఏదీ లేదని చూస్తారు. ఆ తర్వాత చాలా స్వల్పంగా రేడియో పదార్థం కలిపిన తిండి పెట్టి 4 గంటల పాటు స్కాన్ తీస్తారు. అప్పటికీ 10 శాతం కంటే ఎక్కువ మిగిలితే కడుపు మందగించినట్టే. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న పెద్ద ఆస్పత్రుల్లోనే ఈ స్కాన్ ఉంటుంది. మెటోక్లోప్రమైడ్, డొంపెరిడోన్ లాంటి మందులు ఉన్నాయి గానీ షాపులో అడిగి కొనేవి కావు. మొదటిది ఎక్కువ కాలం వాడితే ముఖం, నాలుక తమంతట తాము కదిలే జబ్బు రావచ్చు. రెండోది గుండె లయను చెడగొట్టవచ్చు. బరువు తగ్గడానికి, షుగర్‌కు ఇచ్చే సెమాగ్లూటైడ్ కూడా కడుపును నెమ్మదింపజేస్తుంది కాబట్టి అది వాడుతుంటే డాక్టర్‌కు చెప్పాలి.

తిండి దగ్గర చాలామంది తికమకపడతారు. షుగర్‌కు పీచు మంచిదని విన్నవారికి ఇక్కడ పీచు, నూనె రెండూ తగ్గించమంటారు. పెద్ద పళ్లెం ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా 5, 6 సార్లు తినాలి. మెత్తటి అన్నం, పప్పు కట్టు, నూనె తక్కువ వేసిన కొల్లేరు చేప పులుసు నయం. బిర్యానీ, నెయ్యి తేలే నిహారీ కష్టపెడతాయి. తిన్నాక పడుకోకుండా కాస్త నడవాలి. తిన్న వేళ, వాంతి అయిన వేళ, సూది వేసిన వేళ, షుగర్ రీడింగ్ వారం రోజులు ఒక కాగితం మీద రాసి డాక్టర్‌కు చూపిస్తే ఆయనకు సగం సంగతి అక్కడే అర్థమవుతుంది.