జెన్నింగ్స్ మరకల మందు

న్యూయార్క్‌లో థామస్ జెన్నింగ్స్ అనే నల్లజాతి దర్జీ ఉండేవాడు. ఆయన కుట్టిచ్చిన ఖరీదైన దుస్తులు మరకలు పడి మళ్లీ దుకాణానికే వచ్చేవి. నీళ్లలో వేస్తే ఉన్ని ముడుచుకుపోతుంది, వేయకపోతే మరక పోదు. రకరకాల మందులు కలిపి చూసి, చివరకు డ్రైక్లీనింగ్‌కు పూర్వరూపమైన ‘డ్రై స్కౌరింగ్’ పద్ధతికి 1821 మార్చి 3న పేటెంటు పొందాడు. అమెరికాలో పేటెంటు అందుకున్న తొలి నల్లజాతీయుడిగా చరిత్ర ఆయన్నే చెబుతుంది. బానిసగా పుట్టి ఉంటే అదీ దక్కేది కాదు. దానిమీద వచ్చిన డబ్బు తనవాళ్లను దాస్యం నుంచి విడిపించుకోవడానికీ, బానిసత్వ వ్యతిరేక ఉద్యమానికీ పోయింది.

ఇంతకీ ఆ మందులో ఏం కలిపాడు? ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. 1836 డిసెంబరులో వాషింగ్టన్‌లోని పేటెంటు కార్యాలయం తగలబడింది. వేల పత్రాలతో పాటు ఆయన కాగితమూ బూడిదైంది.

డ్రైక్లీనింగ్ పుట్టుక గురించి జనం నోట మిగిలింది మాత్రం పారిస్ కథ. అద్దకం వ్యాపారి జాలీ ఇంట్లో పనిమనిషి చెయ్యి తగిలి దీపం బోర్లా పడిందట. చమురు ఒలికినంత మేరా బల్లగుడ్డ శుభ్రపడిందట. కథ మరీ చక్కగా అమరింది, అందుకే నాకు అనుమానం. టర్పెంటైన్, బెంజీన్, పెట్రోలుతో ఆ కాలపు దుకాణాలు నడిచాయన్నది మాత్రం నిజం. చిన్న నిప్పురవ్వకే అవి అంటుకునేవి. మన ఊళ్లలో బోర్డులమీద కనిపించే ‘పెట్రోల్ వాష్’ ఆ వంశానిదే. 1930లలో మంట అంటుకోని పెర్‌క్లోరోఇథిలీన్ ఈ రంగంలోకి వచ్చింది. దాన్ని మైకేల్ ఫారడే తొలిసారి తయారుచేసిందీ 1821లోనే! క్యాన్సర్ భయంతో పదేళ్లలో డ్రైక్లీనింగ్‌లో దాని వాడకం ఆపేయాలని అమెరికా 2024లో నిర్ణయించింది.

ఈ ద్రావకాలన్నిటికీ జిడ్డంటే ఇష్టం. నెయ్యి, నూనె, లిప్‌స్టిక్ ఇట్టే కరిగిపోతాయి. చెమట, కాఫీ, పళ్లరసం సంగతి వేరు. అవి నీళ్లకు లొంగే రకాలు, ఉత్త ద్రావకానికి కదలవు. అందుకే బట్టను యంత్రంలో వేసేముందు పనివాళ్లు మరకను విడిగా, చేత్తో తీస్తారు. అది కూరో కూల్‌డ్రింకో మనం చెప్పకపోతే పాపం వాళ్లు వాసన చూసి ఊహించుకోవాలి. కూల్‌డ్రింక్ మరక మరీ మోసకారి. ఆరాక కనిపించదు, ఇస్త్రీపెట్టె వేడి తగిలాక గోధుమరంగులో తేలుతుంది. కాబట్టి మరక పడ్డ బట్టను ఇస్త్రీ చేసి ఇవ్వకూడదు. పొడి నూలుగుడ్డతో అద్ది, మరక ఉన్నచోట పిన్నుతో చీటీ గుచ్చి ఇస్తే చాలు. తడి పట్టును రుద్దితే పోగు లేచి మెరుపు పోతుంది, దాన్ని ఏ దుకాణమూ తిరిగి తేలేదు.

పెళ్లిలో పసుపు పడిందా, కంగారులో సబ్బు రాయకండి. సున్నం తగిలిన పసుపు కుంకుమైనట్టే, సబ్బులోని క్షారానికి మరకా ఎర్రబడుతుంది. అప్పుడు దుకాణంవాడికి పసుపని చెప్పినా నమ్మడు.