చిత్తూరు సీమ తెలుగు

రేణిగుంట, తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాల తెలుగు తమిళం పొరుగునే పెరిగింది. ఈ నేల పూర్వం తొండైమండలంలో భాగం. తిరుమల శాసనాల్లో ఎక్కువ భాగం తమిళమే. పల్లవ రాణి సామవై వెండి విగ్రహాన్ని సమర్పించిన 966 నాటి శాసనమూ అంతే. విజయనగర కాలంలో తెలుగు బలం పుంజుకుంది. అన్నమయ్య కీర్తనలు రాగిరేకులకెక్కాయి, కాళహస్తీశ్వరుడు ధూర్జటి పద్యాల్లో నిలిచాడు.

మధ్యధరా సముద్రంలోని మాల్టా భాషదీ ఇలాంటి సరిహద్దు కథే. అరబ్బీలో పుట్టి, ఇటాలియన్ మాటలు నింపుకొని, లాటిన్ లిపిలో స్థిరపడింది. అక్కడ కలిసినవి వేర్వేరు కుటుంబాల భాషలు. ఇక్కడివి రెండూ ద్రావిడ భాషలే కనుక అతుకు కనపడదు, లిపీ మారలేదు.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1960లో అందులోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. హద్దు గీసినా రెండు వైపులా రెండు భాషల వాళ్లూ మిగిలారు.

'ఉంది'ని 'ఉండాది' అనడం, 'చాలా'కు బదులు 'నిండా' వాడటం ఈ సీమ పలుకుబడి. యాసగా చిన్నచూపు చూసిన ఈ మాటతీరులోనే నామిని సుబ్రమణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' రాసి, దానికి సాహిత్యంలో దక్కాల్సిన చోటు దక్కించారు.