విమానపు చిట్టా

పొలము హద్దు విషయమున తగవు పుట్టినప్పుడు పెద్దలు మొదట అడుగు మాట యొక్కటే: పహాణీలో ఏమి వ్రాసియున్నది? మనోహరాబాదు మొదలుగాగల మెదకు సీమ గ్రామములలో ఆ కాగితములు 1984 వరకు పట్వారీ చేతిలో నుండెడివి. ఆకాశమున దిరుగు విమానమునకును అట్టి చిట్టా కలదు. అది పోయినచో ఏమగును? పోగొట్టిన మెకానికును ఏమి చేయవలెను?

1919లో పారిస్ నగరమున రాజ్యములు చేసికొన్న ఒడంబడికలోనే విమానమునకొక పుస్తకము, ఇంజనుకొక పుస్తకము, ప్రయాణములకొక పుస్తకము ఉండవలెనని విధించిరి. మన దేశమున 1934లో విమాన చట్టమును, 1937లో దాని నియమములును వెలసినవి. నిజాము ప్రభుత్వమును టాటా సంస్థయు కలసి 1945లో దక్కను ఎయిర్‌వేస్ స్థాపించి, బేగంపేట నుండి డకోటా విమానములు నడపినప్పుడు, ఆ కాలమునకే ఈ పద్ధతి స్థిరపడియుండెను. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్సున లీనమయ్యెను. విమానము చేతులు మారినప్పుడు దాని పుస్తకములును వెంట పోవలెననుట సర్వత్ర పాటింపబడు నియమము.

ఇంజను ఎన్ని గంటలు తిరిగెను, ఏ భాగము ఎన్నడు మార్చిరి, ఎవరు పరీక్షించి సంతకము చేసిరి—ఇవి యందలి వ్రాతలు. ఎద్దు అలసినచో నోట నురుగు గ్రమ్మును. బండి యిరుసు అరిగినచో కిర్రుమనును. లోహపుటలసట కంటికి కానరాదు. 1954లో రెండు కామెట్ జెట్ విమానములు మధ్యధరా సముద్రమున కూలగా, మాటిమాటికి కలిగిన యొత్తిడిచే లోహము అలసి పగిలెనని విచారణలో తేలినది. కనుక ఎన్ని మారులు, ఎన్ని గంటలు ఎగిరెనను లెక్కయే దాని యాయువునకు కొలత.

చిట్టా పోయినచో మొదట విమానమును నేలపై నిలుపవలెను. పిదప పైలట్ల పుస్తకములు, కర్మాగారపు రిజిస్టర్లు, సామాను కొట్టు లెక్కలు సరిచూచి వివరములు తిరిగి కూర్చవలెను. ఋజువు దొరకని భాగమును ఆయువు తీరినదానిగా నెంచి మార్చవలెను. ఇది వ్యయమే, కాని ప్రాణముల కన్న నెక్కువ కాదు.

ఇక మెకానికు మాట. పోయినదని వెంటనే చెప్పినవానిని విచారించి, తప్పునకు తగినట్లు దిద్దవలెను. అతని జ్ఞాపకమే పునర్నిర్మాణమున మనకు తోడగును. చెప్పక, ఊహించి క్రొత్త పుటలు నింపి పాత సంతకములు పెట్టినవానికి మాత్రము ఆ పని మరల అప్పగింపరాదు. ఇద్దరినొకే తీరున దండించినచో, రేపు పుస్తకము పోగొట్టుకొన్న మరియొకడు నోరు విప్పడు.

పొలమునకు కాగితము పోయినను హద్దురాయి మిగులును, ఇరుగుపొరుగు సాక్ష్యమిత్తురు. మింట నెగురు యంత్రమునకు ఆ వ్రాతయు, దానిని వ్రాసినవాని సత్యమును దప్ప వేరు సాక్షి లేడు.