అచ్చు అక్షరముల ఎన్నిక – గ్రంథ పరిష్కర్త బాధ్యత

తెలుగు ముద్రణ చరిత్రను గూర్చి వ్రాసిన వారు ఏ గ్రంథము ఏ యేట, ఏ యూర, ఎవరి పూనికచే అచ్చుపడినదో సాధారణముగా తెలుపుచుందురు. అది ఎట్టి అక్షరములతో అచ్చుపడినదో తెలుపుట అరుదు. అక్షరముల రూపమును ఎన్నుకొనుట అచ్చుకూటము వారి పనియనియు, పరిష్కర్త పని పాఠనిర్ణయముతో ముగియుననియు ఒక అభిప్రాయము మనలో పాతుకొనియున్నది. ఈ అభిప్రాయము సరికాదనియు, టైపును ఎన్నుకొనుటయు పాఠనిర్ణయములో ఒక భాగమేయనియు మాకు తోచుచున్నది. అందులకు గల కారణములను చరిత్రమునుండి తీసి చూపుట ఈ వ్యాసోద్దేశము.

మా దృష్టి ఈ విషయముపైకి మరలుటకు కారణము ఒక చిన్న సంగతి. మేము ఒక ప్రబంధమును పరిష్కరించి అచ్చునకు పంపితిమి. తొలి ప్రూఫులలో 'వేఱు' అని యుండవలసిన చోటులందెల్ల 'వేరు' అని వచ్చెను. కంపోజు చేసినవారు పొరబడిరని తలచి దిద్దితిమి. మలి ప్రూఫులలోను అట్లే వచ్చెను. విచారింపగా వారు వాడుచున్న పాత ఫాంటులో శకటరేఫకు స్థానమే లేదని తెలిసినది. లేని అక్షరమునకు మారుగా దగ్గరి అక్షరమును పెట్టుట కంపోజిటరుల పూర్వాచారము. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. తప్పు మాది. వ్రాతప్రతుల పాఠభేదములను నెలల తరబడి సరిచూచిన మేము, ఆ పాఠమును మోయవలసిన అక్షరములను ఒక్క గంటయైనను పరీక్షింపలేదు.

'వేరు' అనగా చెట్టు మూలము. 'వేఱు' అనగా అన్యము. 'ఏరు' అనగా ఏరుకొనుట. 'ఏఱు' అనగా నది. అర్థభేదము సందర్భమునుబట్టి తెలియుననవచ్చును. కాని విషయము అర్థముతో ముగియదు. నన్నయ తిక్కనాదుల కాలమున రేఫ శకటరేఫలకు ప్రాస కూర్చుట లేదు. తరువాతి కవులు వానిని కలిపివేసిరి. ఆ సాంకర్యమునుబట్టి కవుల కాలమును ఊహించుట మన పరిశోధకులకు చిరకాలముగా అలవాటైన పద్ధతి. శకటరేఫ లేని టైపుతో అచ్చైన గ్రంథము ఈ సాక్ష్యమును మాపివేయును. ఆ ప్రతిని మాత్రమే చూచు భావి పరిశోధకుడు లేని సాంకర్యమును కవికి అంటగట్టును. అరసున్న విషయమును ఇట్టిదే. 'ఏఁడు' సంవత్సరము, 'ఏడు' సంఖ్య. 'వాఁడు' సర్వనామము, 'వాడు' వాడిపోవుట. (ఈ వ్యాసమున ఉదాహరణములందు తప్ప మేమును అరసున్నలు వాడుట లేదు. మా వచనమునకు అవి అక్కరలేదు. పూర్వకవుల పద్యములకు అక్కర కలదు. ఈ రెంటికిని విరోధము లేదు.)

ఇక చరిత్రమునకు వత్తము. తెలుగు అక్షరములు మొదట పోతపోయబడినది తెలుగు దేశమున కాదు. చెన్నపట్టణమున మతప్రచారము చేసి, 1728లో తెలుగునకు లాటిను భాషలో వ్యాకరణము వ్రాసిన బెంజమిన్ షుల్జ్ జర్మనీకి మరలిపోయి, హాలే నగరమున 1746, 1747 సంవత్సరములలో తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. వ్యాకరణము మాత్రము వ్రాతప్రతిగానే యుండిపోయి 1984లో గాని వెలుగు చూడలేదు. ఆ హాలే అక్షరములను ఎన్నుకొనుట యను ప్రశ్నయే లేదు. ఉన్నది ఒక్కటే టైపు. చెక్కినవారి చేతులకు తెలుగు వ్రాత అలవాటులేదని ఊహించుటలో దోషముండదు. తాటియాకుపై గంటము నడచిన తీరున పుట్టిన వంపులను, ఉక్కు ముక్కపై ఉలితో చెక్కువాడు చూచి అనుకరింపవలసినదే గాని చేతితో ఎరిగి చెక్కజాలడు.

రెండవ ఘట్టము శ్రీరామపురము. విలియం కేరీ తెలుగు వ్యాకరణము 1814లో అక్కడ అచ్చుపడెను. అంతకు రెండేండ్లకు ముందు, 1812 మార్చి 11వ తేదీన, ఆ ముద్రాక్షరశాల తగులబడి పెక్కు భాషల టైపులు కరగిపోయెను. అక్షరములను చెక్కిన ఉక్కు ముద్దరలును, పోతపోయు అచ్చులును దక్కుటచే పని మరల సాగెను. ఈ సంగతి మనకు ఒక పాఠము చెప్పుచున్నది. సీసపు టైపు నశించినను మూలరూపము నిలిచిన చాలును, మరల పోయవచ్చును. కాని మూలరూపములోనే ఒక అక్షరము లేకపోయిన, ఎన్నిమారులు పోసినను అది రాదు. శ్రీరామపురమున అక్షరములు చెక్కిన శిల్పులు పంచానన కర్మకారుని పరంపరలోనివారు. వంగ, నాగర లిపులయందు ఆరితేరినవారు. పైగీత గల లిపులకు అలవాటుపడిన చేతికి తలకట్టు గల మన గుండ్రని అక్షరము కొంత పరాయిగానే తోచియుండును.

చెన్నపట్టణమున సెయింట్ జార్జి కోట కళాశాల 1812లో ఏర్పడినపిమ్మట కథ మారినది. అక్కడ అచ్చుకూటమును పండితులును ఒకే చోట నుండిరి. కేంబెల్ దొర తెలుగు వ్యాకరణము 1816లో అక్కడనే వెలువడెను. తెలుగు మొదలైన దక్షిణ భాషలు సంస్కృతజన్యములు కావని ఎల్లిస్ దొర నిరూపించిన ప్రసిద్ధమైన ఉపోద్ఘాతము దానిలోనిదే. ఆ కళాశాల ముద్రణములందు తెలుగు అక్షరము మనకు పరిచితమైన రూపమునకు సమీపించినదని మా అభిప్రాయము. చదువగలవాడు ప్రూఫు చూచుటకును, చదువలేనివాడు ముద్దర చెక్కుటకును నడుమ దూరము తగ్గుటయే దీనికి కారణమై యుండవచ్చును.

బ్రౌను దొర విషయము వేరు. ఆయన వేమన పద్యములను 1829లో ప్రకటించెను. తెలుగు – ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడెను. అరసున్న, శకటరేఫల యెడ మన పండితులకున్న పట్టుదల ఆయనకు లేదు. అయినను దంత్యముగా పలుకబడు చ, జలను తాలవ్యములనుండి వేరుపరచుటకు నిఘంటువులందు అక్షరముపై గుర్తుంచు పద్ధతి ఏర్పడినది. బ్రౌను నిఘంటువే దీనికి ఉదాహరణము. ఇక్కడ ఒక వింత కలదు. పండితులు నిలుపదలచినది వ్రాతలోని ప్రాచీన భేదము. బ్రౌను నిలుపదలచినది నోటిలోని సజీవ భేదము. రెంటికిని క్రొత్త టైపు ముక్కలు కావలసివచ్చినవి. ఏ భేదమును కాపాడదలచితిమో ఆ భేదమునకు తగిన లోహము పోయించుకొనక తప్పదు.

వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు 1854లో చెన్నపట్టణమున స్థాపించిన ముద్రాక్షరశాల ఈ కథలో మాకు అత్యంత ప్రీతిపాత్రమైనది. పరిష్కర్తయు ప్రకాశకుడును ఒకే ఇంటిలో నుండుటచే అరసున్నకు, శకటరేఫకు, నకారపొల్లునకు ఆ యింటి ముద్రణములందు చోటు దక్కినది. నకారపొల్లు అనగా హల్లు నకారమునకు గల ప్రత్యేకరూపము. నకారముపై గిలక పెట్టిన నేటి రూపము కాదు. పాత ముద్రణములలో ద్రుతాంతములైన పద్యపాదముల చివర అది కనబడును. దాని రూపము కంటికి తగులగానే పద్యము చదువు అలవాటుగలవానికి పాదాంతము తెలిసిపోవును.

పత్రికల వ్యాప్తితో టైపు అవసరములు మారినవి. ఆంధ్రపత్రిక 1908లో వారపత్రికగా పుట్టి 1914లో దినపత్రిక యయ్యెను. దినపత్రికకు వేగము ముఖ్యము, ఇరుకైన కాలములో ఎక్కువ మాటలు పట్టుట ముఖ్యము. అరలలో ముక్కలు ఎంత తక్కువయైన కంపోజిటరు చేయి అంత చురుకుగా నడచును. వాడుక భాష ఉద్యమము అరసున్నను శకటరేఫను వచనమునుండి తొలగించుటకు వాదములు చెప్పినది. అచ్చుకూటపు అర ఆ వాదములకు చప్పుడు లేని తోడ్పాటు చేసినది. ఇందు మేము ఎవరిని నిందించుట లేదు. వచనమునకు అది మేలే. పత్రికకు పోసిన టైపుతోనే కావ్యములను అచ్చువేయ మొదలిడినప్పుడు చిక్కు వచ్చినది.

కంప్యూటరు వచ్చినపిమ్మట ఈ చిక్కు తొలగవలసినది. కొంతకాలము మరింత ముదిరినది. ఒక్కొక్క సంస్థ తన ఫాంటునకు తన సొంత సంకేతములను ఏర్పరచుకొనుటచే, ఒక ఫాంటులో కూర్చిన గ్రంథమును వేరొక ఫాంటులో తెరచిన అర్థములేని గుర్తులు కనబడుచుండెను. యూనికోడులో తెలుగునకు 1991లోనే స్థానము లభించినది; అరసున్న, శకటరేఫ మొదటినుండి అందున్నవి. దంత్య చ, జలు 2008లో చేరినవి. నకారపొల్లు 2021లో గాని చేరలేదు. పాత ముద్రణములందు నిత్యము కనబడిన ఆ రూపమునకు ఇంతకాలము సంకేతమే లేకపోవుట పరిశోధకులు తలపోయదగిన సంగతి. దానిని గూర్చి అడుగవలసినవారు ఫాంటులు చేయువారు కారు, మనమే.

సంకేతము ఉండుట ఒకటి, ఫాంటులో రూపముండుట మరియొకటి. సంకేతమున్న అక్షరమునకు ఫాంటులో రూపము లేకపోయిన, ఆ చోట ఖాళీ పెట్టె యైనను కనబడును, వేరొక ఫాంటునుండి ఎరువు తెచ్చిన అక్షరమైనను కనబడును. పెట్టె కనబడుట మేలు. ప్రూఫు చూచువాని కంటికి తగులును. ఎరువు అక్షరము తప్పించుకొని అచ్చులోనికి పోవును. ధూర్జటి, పెద్దన, తిమ్మన, సూరన, తెనాలి రామకృష్ణ అను పేర్లతో నేడు ఉచితముగా లభించు ఫాంటులు కలవు. మన కవుల పేర్లు ఇట్లు నిలుచుట సంతోషము. అయితే కవి పేరు పెట్టుకొన్నంత మాత్రమున ఫాంటు ఆ కవి పద్యమునకు తగునని లేదు. శీర్షికలకై గీయబడిన అక్షరములు పద్యమున వత్తులు గుమికూడినప్పుడు ఊపిరాడనీయవు. బాపు చేతివ్రాతను అనుసరించిన అక్షరములను గూర్చియు ఇదే మాట. అట్టపైన, శుభలేఖపైన వానికి సాటి లేదు. అధోజ్ఞాపికలో, పాఠాంతరముల పట్టికలో వానిని ఉంచుట ఆయన చేతికే అన్యాయము.

పరీక్ష ఎట్లు చేయవలెనను దానిని గూర్చి మా అనుభవము కొంత చెప్పుదుము. ఫాంటు నమూనా పుటలో కనబడు వర్ణమాల చాలదు; వర్ణమాలలో ప్రతి అక్షరమును ఒంటిగా అందముగా నుండును. చూడవలసినది పద్యము, అందును సంయుక్తాక్షరములు దట్టమైన సమాసము. కొన్ని టైపులలో వత్తు అక్షరమునకు సరిగా క్రిందనుండును. కొన్నింట కుడిప్రక్కకు జరుగును. ప్రక్కకు జరిగినచో తరువాతి అక్షరము దూరమై, ఒకే సమాసము రెండు మాటలవలె కనబడును. పదవిభాగమే వివాదాస్పదమైన పద్యమున ఇది స్వల్పవిషయము కాదు. క్రింద ఉండునట్టిదైనచో పంక్తుల నడుమ ఎక్కువ ఎడము కావలెను. లేనిచో పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడితో కలిసి, గుడి కాస్త గుడిదీర్ఘమన్న అనుమానము కలిగించును.

పరిమాణము మరియొక సంగతి. మూలమునకు పైకా, అనగా 12 పాయింట్ల టైపు వాడి, క్రింద పాఠాంతరములకు 8 పాయింట్లు వాడుట మన అలవాటు. ఇంగ్లీషునకు ఆ కొలత చెల్లును. తెలుగున ద, ధలకు భేదము ఒక చిన్న నిలువు గీత. థకారమునకు పొట్టలోని చుక్క. 8 పాయింట్లలో ఆ గీత సిరాలో మునిగిపోవును, ఆ చుక్క పూడిపోవును. పాఠాంతరమునందలి సారమంతయు అట్టి గీతలోనే యుండవచ్చును గదా. ఏ పుటకు పాఠశుద్ధి అత్యవసరమో ఆ పుటకే అస్పష్టమైన అక్షరమును కేటాయించుట మన గ్రంథములందు వింతయైన ఆచారము.

పూనుకొన్నచో వేరు మార్గము కలదనుటకు ఇటీవలి నిదర్శనము మూర్తి క్లాసికల్ లైబ్రరీ. 2015లో ఆ మాలలో వెలువడిన పెద్దన మనుచరిత్రము వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారల ఇంగ్లీషు అనువాదముతో, ఎడమపుట తెలుగు, కుడిపుట ఇంగ్లీషుగా కూర్చబడినది. ఆ మాలకొరకు జాన్ హడ్సన్, ఫియొనా రాస్ గార్ల చేత ప్రత్యేకముగా తెలుగు టైపు తయారైనది. రెండు లిపులు ఎదురెదురుగా నిలువవలసిన గ్రంథమునకు చేతికందిన ఫాంటు చాలదని ప్రకాశకులు ముందే గుర్తించిరి. అంతటి ధనబలము మన విశ్వవిద్యాలయ శాఖలకు లేదు. అయినను పుస్తకము కూర్చుటకు ముందుగా ప్రశ్న వేసికొనుటకు ధనము అక్కరలేదు.

మా ప్రబంధము సంగతి ముగింపవలసియున్నది. పాత ఫాంటును మానితిమి. మూడు యూనికోడు ఫాంటులలో ఒకే పుటను కూర్పించి, అరసున్న గల పద్యమును, శకటరేఫ ప్రాసగల పద్యమును, వత్తులు దట్టమైన ఒక సీసమును అందు చేర్చితిమి. కంటికి మిక్కిలి ఇంపైన ఫాంటులో అరసున్న నిండుసున్నకు మరీ దగ్గరగా నుండుటచే దానిని విడిచితిమి. ఎన్నుకొన్నది అంత సొగసైనది కాదు. దాని తలకట్లు కొంత మొద్దు. కాని ప్రతి గుర్తును స్పష్టముగా నిలుపును. పాఠాంతరములకు 10 పాయింట్లు వాడుటచే గ్రంథము కొన్ని పుటలు పెరిగినది. నకారపొల్లు మాత్రము ఆ మూడింట దేనిలోను లేదు. దానికి మారుగా సామాన్యమైన పొల్లు నకారమును వాడి, ప్రాచీన ముద్రణమున ప్రత్యేకరూపము ఉన్న తావులను పీఠికలో పద్యసంఖ్యలతో చూపితిమి.